పోటుకూ పాటుకూ మధ్య

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్క వాటాలో, కృష్ణ సముద్రంలో కలిసే దివిసీమ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఉండేది. మాది నల్లగొండ జిల్లాలో మూసీ ఒడ్డు పల్లె. ఆ ఇంటి తాతయ్య నాకు రోజూ లెక్కలు చెప్పేవాడు. తప్పు చేస్తే తిట్టకుండా బెల్లం ముక్క చేతిలో పెట్టి మళ్ళీ చెయ్యమనేవాడు. నిజం చెప్పాలంటే, నాకు మా సొంత తాతకంటే ఆయనంటేనే ఎక్కువ ఇష్టం.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి మా బడి మూసేశారు. పెద్దపిల్లలు "ఆంధ్రోళ్లు పోవాలె" అంటుంటే నాకూ పౌరుషం పొడుచుకొచ్చింది. ఒక మధ్యాహ్నం ఎవరూ చూడకుండా పక్కింటి నీళ్ళ తొట్టిలో తట్టెడు మన్ను పోశాను. ఎవరిని పొమ్మంటున్నానో నా బుర్రకు తట్టనే లేదు. ఆ ఇంటి కోడలు బావి నుంచి మోసి నింపుకున్న నీళ్ళవి. ఆమె తొట్టి చూసి ఏడ్చింది. ఇక ఇక్కడ ఉండలేమంటూ ట్రంకుపెట్టె సర్దసాగింది. తాతయ్య కూడా వెళ్ళిపోతాడని నాకప్పుడు తెలిసింది.

ఆయన మాత్రం "ఇలా రామ్మా, తమాషా చూద్దువుగాని" అని పిలిచాడు. ఆ బురదనీళ్ళు రెండు గ్లాసుల్లో ముంచి, ఒకదాంట్లో గుప్పెడు ఉప్పు కలిపాడు. గంట గడిచేసరికి ఉప్పు వేసింది తేటపడింది, రెండోది అలాగే ఉంది. నది తెచ్చిన సన్నటి బురద కూడా సముద్రపు ఉప్పు తగిలితే ఇలాగే రేణువుకు రేణువు అంటుకుని ముద్దకడుతుందట. సముద్రం పొంగే పోటు దాన్ని తీరంలోని చవిటి పర్రనేల మీదికి తోస్తుంది. పోటుకూ పాటుకూ మధ్య నీళ్ళు కాసేపు కదలకుండా నిలబడతాయి, అప్పుడది అడుక్కి దిగుతుంది. పాటుకు వెనక్కి మళ్ళే నీళ్ళకు దాన్నంతా లేపుకుపోయే బలం చాలదు. అలా పొర మీద పొర పేరి నేల అవుతుంది.

"మీ మూసీ కృష్ణలో కలిసి మా వైపే వస్తుంది. మా ఊరున్నది మీ మట్టి మీదేనే, పిచ్చితల్లీ" అన్నాడు.

గోడవతల నుంచి మా అమ్మ అందుకుంది. "ఏంది పెద్దయ్యా, నీళ్లే అనుకున్న. మన్ను గూడ తీస్కపోయిన్రా?"

తాతయ్య పకపకా నవ్వాడు. పెట్టె దగ్గర కోడలూ నవ్వింది. నాకు మాత్రం ఏడుపు తన్నుకొచ్చి, ఆ మన్ను పోసింది నేనేనని చెప్పేశాను.

అమ్మ కొట్టలేదు, బిందె చేతికిచ్చింది. తొట్టి కడిగి బావి నుంచి నీళ్ళు మోశాను. మూడో బిందెకు కోడలు ఎదురొచ్చి నా చంకలోంచి దాన్ని అందుకుంది. మర్నాడు పెట్టె మళ్ళీ మంచం కిందికి చేరింది.

నేనే పోశానని ముందే తెలుసా అని తర్వాత తాతయ్యను అడిగాను. "నీ గోళ్ళ నిండా మన్నే కదమ్మా" అన్నాడు.

పెద్దయ్యాక నేను పంతులమ్మనయ్యాను. తరగతిలో ఏది పగిలినా ఎవరు చేశారని ఎన్నడూ అడగలేదు, వాళ్ళ చేతులు చూసి ఓపిగ్గా ఆగేదాన్ని. చాలామంది వాళ్ళంతట వాళ్ళే వచ్చి చెప్పారు. చెప్పనివాళ్ళ పేర్లు నాకిప్పటికీ గుర్తే, కానీ ఎవరికీ చెప్పను.