నూకరాజు బాబాయి కడుపులో గుడ్లు

మా నూకరాజు బాబాయిని నేను చంపేశాను. ఆ టైముకి ఆయన ఆసుపత్రి మంచం మీద కూర్చుని బత్తాయి వొలుచుకుంటున్నాడు. అంత మాత్రాన ఆయన చావు ఆగలేదు, చుట్టాలంతా దిగిపోయారు. మీరు నవ్వితే నవ్వండి గానీ, ఆ రోజు మా ఇంట్లో నవ్విన మనిషి లేడు.

ముందు ఆ దిక్కుమాలిన ఆట సంగతి చెప్పాలి. నలుగురం బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకడు కథ చెప్తాడు, మిగతావాళ్లు అందులో మనుషులైపోతారు. ఎవడు బతకాలో ఎవడు చావాలో పాచికలు తేలుస్తాయి. మాది భయం ఆట. అందులోకి కొత్త కొత్త రాక్షసుల్ని పుట్టించి చిన్న పుస్తకాలుగా అమ్మేవాళ్లుంటారు. నేనూ, హైదరాబాదులో ఉండే కిరణూ కలిసి అలాంటిదే ఒకటి రాస్తున్నాం. మా రాక్షసి వేరే నక్షత్రం నుంచి ఊడిపడింది. చూడ్డానికి జెర్రి, పొడుగు చూస్తే పడవంత. గోదారి బురదలో నక్కి, వల లాగే మనిషి కడుపులో గుడ్లు పెడుతుంది. వాడికేం తెలీదు. తింటాడు, నవ్వుతాడు, పిల్లల్ని కేకలేస్తాడు. ఓ రోజు పొట్ట పగులుతుంది.

మొదట చచ్చే జాలరికి ఓ పేరు కావాలి. లోకంలో ఇన్ని పేర్లుండగా నా బుర్రకి తట్టింది నూకరాజే. మా బాబాయిది యానాంలో అడవిపొలం, సొంత పడవ ఉంది. ఆ పేరు అనగానే వలా, తడి లుంగీ కళ్లముందుకొచ్చేస్తాయి. ఆహా, ఎంత సహజంగా రాస్తానో అని నా భుజం నేనే తట్టుకున్నాను. ఆ చెయ్యి విరిగిపోయినా బాగుండేది.

సరిగ్గా అప్పుడే బాబాయికి హెర్నియా ఆపరేషనైంది. పగటిపూట కాపలా నాది. మధ్యాహ్నం ఆయన బత్తాయి వొలుచుకుంటుంటే నేను వరండాలో స్తంభానికి ఆనుకుని కిరణ్‌తో ఫోన్లో పడ్డాను. క్యారేజీ పట్టుకుని సత్యవతి పిన్ని, అంటే బాబాయి భార్య, నా వెనకాలే వచ్చి నిలబడిందని నాకేం తెలుసు? కిరణ్ అడిగేవి ఆవిడకి వినబడవు. వినబడినవన్నీ నావే.

"నూకరాజు ఇంక బతకడు రా."

"కోశారు. కోసినా లాభం లేదు. లోపలంతా పాకిపోయింది."

"వారం. మహా అయితే ఇంకో రెండ్రోజులు. గుడ్లు పెట్టేసింది కదా!"

"పెళ్లానికా? ఛఛ! పెళ్లానికి చెప్పొద్దు."

ఆ తరవాత "ముందే చెప్పేస్తే ఆటలో మజా ఏముంటుంది?" అని కూడా అన్నాను. ఆ ముక్క వినుంటే పిన్ని నన్ను అక్కడే చెప్పుచ్చుకుని కొట్టేది, గొడవ వదిలిపోయేది. కానీ ఆవిడ "పెళ్లానికి చెప్పొద్దు" దగ్గరే వెనక్కి తిరిగింది. క్యారేజీ బెంచీ మీద పెట్టేసి వెళ్లిపోయింది.

నేను క్యారేజీ చూసి, పాపం పిన్నికేదో తొందర పనుందనుకున్నాను. బాబాయికి అన్నం పెట్టాను. పులుసు మిగిలితే నేనూ తిన్నాను. కిరణ్‌తో ఇంకాస్త వాగాను. ఫోను చచ్చింది.

సాయంత్రం డాక్టరు గారు వచ్చి, బాబాయిని ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆటో ఎక్కించాను. సందు తిరగ్గానే ప్లాస్టిక్ కుర్చీలు. వరసగా. మా గుమ్మం ముందే. మెట్టకూరు నుంచి మహలక్ష్మత్త వచ్చి అరుగు మీద శోకాలు పెడుతోంది. ఈవిడ బాబాయికి అక్క. "ముసలిదాన్ని నన్నుంచి నువ్వెళ్లిపోతావా తమ్ముడూ" అంటోంది.

బాబాయి కుట్ల మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా దిగాడు. ఆయన మొహం నల్లబడిపోయింది.

"అక్కా, ఎవరే పోయింది?"

"నువ్వేరా!" అంది అత్త. అని, నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"నేనా? నాకెవరూ చెప్పలేదే!"

ఒకాయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. నేను మాత్రం లోపలికి చూశాను. పిన్ని గోడకి చేరగిలబడి ఉంది. చుట్టూ ఆడవాళ్లు. ఆవిడ చేతి గాజుల వంక చూసీ చూడనట్టు చూస్తున్నారు. బాబాయి గుమ్మంలో నిలబడినా ఆవిడ లేవలేదు.

"ఆసుపత్రోళ్లు చేతులెత్తేశారా? ఇంటికి తీసుకుపొమ్మన్నారా?" అని నన్నడిగింది.

"కాదు పిన్నీ! తగ్గిపోయింది!"

"అబద్ధాలాడకు. మా నాన్నప్పుడూ ఇలాగే అన్నారు. ఊరందరికీ తెలుసు, నాకు తప్ప. ఆఖరికి మంచినీళ్లు పోద్దామన్నా పక్కన లేకుండా పోయాను. అందుకే ఈసారి ఎవర్నీ అడగలేదు. మనోళ్లందర్నీ పిలిపించుకున్నాను."

అప్పుడు వెలిగింది నాకు. వరండాలో నా ఫోను మాటలు విని పిన్ని 'బతకడు' అని కబురంపింది, అది చుట్టాల దాకా వెళ్లేసరికి 'పోయాడు' అయింది. అంతమంది ముందూ నిలబడి పాచికలూ, పుస్తకం, వేరే నక్షత్రం, జెర్రి అన్నీ చెప్పాను. కడుపులో గుడ్ల దాకా వచ్చేసరికి అత్త నా వీపు మీద ఒకటి వేసింది. బాబాయి వెళ్లి పిన్ని పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడేడ్చింది ఆవిడ. అప్పటిదాకా చుక్క కన్నీరు రాలేదట.

పిన్ని నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును.

కుట్లు విప్పించడానికి వెళ్లినప్పుడు పిన్ని కూడా వచ్చింది. పనంతా అయ్యాక చేతులు కట్టుకుని, డాక్టరు గారి ముందు నిలబడింది.

"ఆయ్, ఒక్క మాటండీ. లోపల గుడ్లేమీ ఉండిపోలేదు కదండీ?"

డాక్టరు గారు కళ్లజోడు తీశారు. "ఏం గుడ్లమ్మా?"

"నాకు తెలీదండీ. మా వాడు రాశాడంట. వాణ్ణే అడగండి."

ఆయన నా వైపు తిరిగారు. నర్సు తిరిగింది. బాబాయి కిటికీలోంచి బయటకి చూస్తూ, కుట్లు విప్పిన పొట్ట పట్టుకుని నవ్వాపుకుంటున్నాడు. ఆ మందుల వాసన సాక్షిగా అక్కడే ఒట్టేసుకున్నాను: ఏ నక్షత్రం నుంచి ఏ పురుగు దిగొచ్చినా, అది యానాం పొలిమేర తొక్కదు, మా చుట్టాల పేరున్న మనిషిని ముట్టుకోదు. తప్పదు, ఎవర్నో ఒకర్ని తినాల్సిందే అంటే, కిరణ్ ఉన్నాడు.