మూడు రాళ్లు, ఒక ఊరు

తర్లుపాడు మండలంలో గిద్యోను పలకరాయి మీద సమాధి అక్షరాలు చెక్కుతాడు. తండ్రి నేర్పిన పని. పేరు, ఎవరి కొడుకో ఎవరి కోడలో, ఊరు. అంతే. చెక్కేముందు ఇంటివాళ్లను ఒకటి అడుగుతాడు: పోయిన మనిషి బతికుండగా ఊరిని ఏమని పిలిచేది? అదే రాయి మీదికెక్కుతుంది.

అడగాల్సిన అవసరముంది. కాగితాల్లో గిద్యోను ఊరు బసవసముద్రం. ఊరి పేర్లలో సముద్రమంటే చెరువే. అది పూడిపోయి కందిచేనైంది. అంత పేరు మోయలేక నాలుకలు బస్సంద్రం చేసుకున్నాయి. చర్చి కట్టాక సంఘం వాళ్లు బేతనియపేట అన్నారు. పాతదే పవిత్రమనేవాళ్లున్నారు, కొత్తదే పవిత్రమనేవాళ్లూ ఉన్నారు. ఊరి పేరు చెప్పులాంటిది, తొడిగేకొద్దీ కాలి ఆకారానికొస్తుంది. పూజించడానికేముంది?

గిద్యోను నోట బస్సంద్రం. భార్య కోటమ్మ నోట బేతనియపేట. “సంద్రమంట, తాగను నీళ్లు లేవు గానీ” అని ముప్పయ్యేళ్లు ఎత్తిపొడిచింది. నిరుడు ఆమె పోతే, అతను బేతనియపేట అనే చెక్కాడు.

ఈ ఏడు భూముల రీసర్వే వచ్చింది. సర్వేయర్ శ్రీకాంత్ సమాధుల దగ్గర ఆగాడు. రికార్డులో అది బసవసముద్రం వాళ్ల శ్మశానం. రాళ్ల మీద చూస్తే మూడు ఊళ్లు. అందరూ ఒక్క ఊరివాళ్లేనని వారంలో తేల్చకపోతే ప్రభుత్వ బంజరని రాస్తానన్నాడు. రాస్తే కోటమ్మ పక్కన గిద్యోనుకు చోటుండదు.

పాస్టర్ పాల్ రాజు ఉపాయం చెప్పాడు. సర్వేయర్ ఫొటోలింకా తీయలేదు కాబట్టి అన్ని రాళ్ల మీదా బసవసముద్రం చెక్కేస్తే సరి, దేవునికి అభ్యంతరముండదు.

“నాకుండాది అయ్యగారూ” అన్నాడు గిద్యోను. “సచ్చిన మనిషి నోట్లో మాట నేనెట్ల మార్చేది?”

శ్రీకాంత్ మళ్లీ వచ్చినప్పుడు గిద్యోను అతన్ని ఒకే వరస వెంట నడిపించాడు. చెంచయ్య, బసవసముద్రం. చెరువును నిండుగా చూసినవాడు. చెంచయ్య కొడుకు విశ్వాసం, బస్సంద్రం. విశ్వాసం కోడలు కోటమ్మ, బేతనియపేట.

“మా తాత, మా నాయన, నా పెండ్లాము. ముగ్గురూ ఒకటే ఇంట్లో బతికినారు సార్.”

శ్రీకాంత్ మూడు ఫొటోలు తీసుకుని, ‘బసవసముద్రం అలియాస్ బేతనియపేట, శ్మశానం’ అని రికార్డులో ఎక్కించాడు. ఆ చిన్న అక్షరాలు ఆనక గిద్యోను చదివించుకుని విన్నాడు.

“బస్సంద్రం ఏది సార్?”

“రెండు పేర్లకే చోటుంది తాతా.”

కోటమ్మ రాయి పక్క ఖాళీ నేలను గిద్యోను కాలితో చదును చేశాడు.

“పోనీలే సార్. బస్సంద్రానికి నా రాయుండాది.”