వెనక్కి వెళ్లిన రాళ్ల బండి

ఏళ్లుగా ఈ మాట గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీకు చెప్పేస్తున్నాను.

ముందు మా తాత సంగతి వినండి. బ్రిటిష్ వాళ్ల కాలంలో రైల్వే స్టేషన్లో టెలిగ్రాఫ్ కొట్టిన మొనగాడు. ఎదురెదురుగా వస్తున్న రెండు రైళ్లను వేలి కొసతో ఆపేశాడు. అరబ్బు దేశంలో, మా ఫుజైరా కూలీల క్యాంపులో ఈ కథ వినని వెధవ లేడు.

కోతలు. తాత ఆ గదిలో బ్యాటరీ జాడీలు కడిగేవాడు. అక్కడ చూసి ఆయన నాకు చెప్పింది ఒక్కటే: వచ్చిన కబురును తిరిగి కొట్టి వినిపించాలి, అవతలివాడు సరే అనేదాకా రైలు కదలకూడదు.

కరోనా తగ్గిన ఏడాది, ఫుజైరా కొండల్లో రాళ్లు మోసే గూడ్సు బండి మీద నాకు పని. అక్కడా అదే పద్ధతి, తీగ బదులు వాకీటాకీ. బండి వెనక్కి వెళ్లేటప్పుడు చివరి వ్యాగన్ మీద జగిత్యాల గంగారాం నిలబడి దూరం చెప్తాడు. ఇంజన్లో డ్రైవరు పక్కన నేను ఆ మాట తిరిగి పలకాలి. అతని గొంతు ఆగితే బండి ఆపించాలి. చిలకకు నేర్పినా చేస్తుంది. నాలాంటివాడికి చిలక ఉద్యోగమా? అదీ, ఒక్కో మాటా నమిలి నమిలి వదిలే ఆ మొద్దు వెనకాల?

ఆ రోజు "కాకా, మెల్లగ రానియ్యి" అన్నాడు. నేను తిరిగి పలకలేదు. తర్వాత అతని గొంతు వినబడలేదు. అయినా ఆపించలేదు. చివరి వ్యాగన్ పట్టాల కొస దాటి రాళ్లతో సహా ఒరిగిపోయింది. గంగారాం దూకి బతికాడు.

ముదీర్, అంటే మా మేనేజరు ముందు నేనేమన్నాను? ప్రతి మాటా తిరిగి చెప్పాననీ, వాడే నోరు మూసుకున్నాడనీ. నా తెల్లగడ్డం చూసి నమ్మాడు, మూర్ఖుడు. గంగారాం వీసా రద్దు చేసి ఇంటికి పంపేశారు. ఎవరిని అసహ్యించుకోవాలి? నమ్మినవాడినా, నమ్మించిన ఈ గుంటనక్కనా?

ఇప్పుడు ఆ దేశంలోనే, అల్ కుసైస్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. నిన్న గంగారాంకి ఫోన్ చేసి, పైన రాసిందంతా చదివి వినిపించాను. క్షమించమని అడగలేదు, అడిగే ముఖం లేదు. చెప్పాక మాత్రం ఛాతీ కాస్త తేలికైంది.

"అయిపోయిందా కాకా?" అన్నాడు గంగారాం.

"అయిపోయిందిరా."

"మళ్ల అబద్ధమే రాసినవ్. నా గొంతు ఎప్పుడాగింది? నువ్వే రేడియో బటన్ ఒత్తిపట్టి నన్ను తిట్టుకుంట కూసున్నవ్. నువ్వు ఒత్తినంతసేపు నా మాట నీకెట్ల వస్తది? ఆపు, ఆపు అని మొత్తుకున్న. నీ తిట్లు ఇనుకుంటనే దుంకిన."