సూర్యుడి ముఖం విప్పిన ఫౌస్తా

మనీలాకి దగ్గర్లో, సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఏది కుట్టించాలన్నా ఫౌస్తా మగ్‌పంతయ్ ఇంటి మెట్లెక్కాల్సిందే. పెళ్ళిబట్టలు, మేరీమాత ఊరేగింపు అంగీలు, చివరికి శవాల మీద కప్పే ముసుగులు కూడా ఆవిడ చేతివే. యాభై దాటినా కళ్ళద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించేది.

1944 సెప్టెంబరులో, వాన వెలిసిన ఒక ఉదయం మునిసిపల్ గుమాస్తా మెలెన్సియో రొప్పుతూ వచ్చాడు.

“ఫౌస్తక్కా, రేపు ఎనిమిదింటికల్లా జెండా కావాలి. ఆఫీసుది చెదలు తినేసింది.”

“ఏ రంగు పైకి?”

“ఎరుపు. మనీలాలో మన సర్కారు జపాను పక్షాన అమెరికా మీద యుద్ధం ప్రకటించిందట. యుద్ధమొస్తే నీలం కిందికి పోయి ఎరుపు పైకి రావాలిగా!”

“కొండల్లో జపానుతో కొట్లాడేవాళ్ళు మూడేళ్ళ నుంచీ ఎరుపే పైకి కడుతున్నారు. మీకు యుద్ధమొచ్చిందని ఇవాళ తెలిసిందా?”

“నీ నోటికో దండం అక్కా, మెల్లిగా!” అతను కిటికీ వైపు చూశాడు. “జెండా ఎగిరాక జపాను కెప్టెన్ ముగ్గురు ఖైదీల్ని వదిలేస్తానన్నాడు. బావ పేరు కూడా రాయించాను. జెండా లేకపోతే ఆ ముగ్గురి సంగతి నాకు తెలీదు.”

ఫౌస్తా భర్త అన్సెల్మోని జపానువాళ్ళు బడిలో బంధించి పంతొమ్మిది రోజులైంది. కొండల్లో ఉన్నవాళ్ళకి బియ్యం చేరవేశాడని అనుమానం. అనుమానం నిజమే.

ఊళ్ళో కొత్త గుడ్డ అన్నది కనపడి రెండేళ్ళయింది. జనం గోనెలు కత్తిరించి తొడుక్కుంటున్నారు. మెలెన్సియో వెళ్ళగానే ఫౌస్తా కిటికీలు మూసి, తన తలగడ కుట్లు విప్పింది. దూది మధ్యలోంచి వాళ్ళమ్మ కుట్టిన పట్టుజెండా బయటికొచ్చింది.

అది స్పెయిన్‌తో పోరాడిన రోజుల్లోది. అప్పట్లో నీలం లేతగా ఉండేది. జెండా మీది సూర్యుడికి కళ్ళు, ముక్కు, నోరు ఉండేవి. అమెరికావాళ్ళు వచ్చి జెండా కనపడితే జైలన్నారు. పన్నెండేళ్ళకి ఆ కట్టడి ఎత్తేస్తే, అంగళ్ళలో అమెరికా జెండాల ముదురు నీలమే దొరికింది. ఊరూరా జెండాల నీలం ముదిరిపోయింది. తర్వాత్తర్వాత సూర్యుడికి ముఖం కూడా పోయింది. జపానువాళ్ళు రాగానే అన్ని జెండాలూ అప్పగించమన్నారు. ఎగరేసుకోమని కిందటేడు వాళ్ళే చెప్పినా, ఆనాడు దాచినవాళ్ళకి క్షమాపణ ఉందని మాత్రం ఎవరూ అనలేదు.

ముఖమున్న సూర్యుణ్ణి చూస్తే చాలు, అది దాచిన జెండా అని ఎవరైనా పట్టేస్తారు.

నీలం పట్టీ విప్పదీసి నీలిమందులో ముంచి, పొయ్యి మీద ఆరబెట్టింది. తర్వాత ముఖం పని పట్టింది. నోరు, ముక్కు తేలిగ్గానే ఊడివచ్చాయి. కళ్ళ దగ్గర చెయ్యి ఆగింది. ఎడమకన్ను కొంచెం చిన్నది. నాన్నకీ అంతే. అమ్మ కావాలనే అలా కుట్టి ఉంటుంది. ఫౌస్తా పళ్ళు బిగించి ఆ దారం లాగేసింది. సూది కన్నాలు మిగిలాయి. గుడ్డ తడిపి, గోటితో నేత సర్దింది. కొన్ని పూడాయి, కొన్ని పూడలేదు. చీకటి పడేలోగా పట్టీలు తిరిగి కలిపింది.

మర్నాడు మునిసిపల్ ఆఫీసు ముందు ఊరంతా నిలబడింది. కెప్టెన్ జెండా అంచు వేళ్ళతో నలిపి ఏదో అడిగాడు. వాళ్ళ భాష నేర్చుకున్నది మెలెన్సియో ఒక్కడే.

“పాతగుడ్డలా ఉందంటున్నాడక్కా.”

“మాత అంగీ కత్తిరించానని చెప్పు. కొత్తది ఆయన్నే తెప్పించమను.”

రెండో మాట మింగేసి మొదటిది చెప్పాడు మెలెన్సియో. కెప్టెన్ తలూపాడు. జెండా పైకెళ్ళింది, ఎరుపు పైన.

గాలికి అది విచ్చుకునేసరికి వెనకనుంచి ఎండ పడింది. సూర్యుడి పసుపుపచ్చని పట్టులో సన్నటి వెలుగుచుక్కలు మెరిశాయి. రెండు కళ్ళు, ఒక నోరు.

స్పెయిన్‌తో పోరాటంలో తుపాకీ పట్టిన సిరియాకో తాత టోపీ తీసి బావురుమన్నాడు. కెప్టెన్ జెండాకర్ర మొదట్లో నిలబడి ఉన్నాడు. అక్కణ్ణుంచి అతనికి జెండా అంచు తప్ప కనపడదు. ముసలాయన్ని చూపించి మెలెన్సియోని గట్టిగా ఏదో అడిగాడు.

మెలెన్సియో తలెత్తి జెండా చూశాడు. అతని మొహం పాలిపోయింది. అతను నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి గబగబా ఏదో చెప్పాడు.

కెప్టెన్ చాలాసేపు తాత వంకే చూశాడు. ఆఖరికి జేబులోంచి కాగితం తీసి పేర్లు చదివాడు.

మూడో పేరు అన్సెల్మోది. కుంటుకుంటూ వచ్చాడు. పెదవి చిట్లి ఉంది. ఫౌస్తా పరుగెత్తకుండా ఎదురెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది.

మెలెన్సియో పక్కగా వచ్చి పెదవులు కదలకుండా అన్నాడు. “తాత యుద్ధమొచ్చిందన్న ఆనందంతో ఏడుస్తున్నాడని చెప్పానక్కా. కెప్టెన్ ఇంకో రెండడుగులు వెనక్కి వేసి పైకి చూశాడంటే మనందరం అయిపోయినట్టే. బావని తీసుకుని వెళ్ళిపో.”

ఇద్దరూ సరస్సు దారి పట్టారు. అన్సెల్మో ఒకసారి వెనక్కి చూసి, ఉలిక్కిపడి, “ఫౌస్తా, ఆ సూర్యుడికి…” అన్నాడు.

“నోర్మూసుకుని నడువు. మబ్బేమైనా పట్టిందా?”

“లేదు. ఎండ కాస్తోంది.”

“అయితే తొందరగా నడువు,” అని ఆవిడ అతని బరువంతా తన భుజం మీదికి తీసుకుంది.