పగటి పూట రాకూడని గొంతు

జనగామలో నలభై ఏళ్లు రేడియోలు బాగుచేసి బతికాను. దయ్యం పట్టిందని నా దుకాణానికి తెచ్చిన రేడియోలు ఆ నలభై ఏళ్లలో చాలానే ఉన్నాయి. ఒకదానిలో బల్లి గుడ్లు పెట్టింది. ఇంకోదానిలో టంకం ఊడి తీగ వేలాడుతోంది. దానంతట అదే మాట్లాడుతోందని ఒకాయన నిమ్మకాయ కట్టి మరీ తెచ్చిన పెట్టెలో స్విచ్ అరిగిపోయింది, అంతే. స్విచ్ మార్చి పంపించి, ఆ నిమ్మకాయతో షర్బత్ చేసుకుని తాగాను. దయ్యాల మీద నాకున్న భయభక్తులు అంతవరకే.

అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ తొంభై దాటిన ముసలివాడు సిగ్గుపడితే ఎంత, పడకపోతే ఎంత.

అది రజాకార్ల కాలం. మా ఊరు దేవరుప్పులకు నడిచి పోయేంత దూరం. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. సికింద్రాబాదులో ఒక రేడియో దుకాణంలో ఏడాదిన్నర పని నేర్చుకున్నాను. పట్నంలో గొడవలు ముదిరేసరికి ఊరికి వచ్చేశాను. ఇంట్లో మా అమ్మ, వదిన నర్సవ్వ, నేను. అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్లం. అన్న సాయిలు అప్పటికే నైజాం మీద పోరాడే సంఘంలో చేరి ఇల్లు విడిచి వెళ్లాడు. ఒక దళం నుంచి ఇంకో దళానికి చీటీలు మోసే పని అతనిది. మొదట మానుకోట అడవుల్లో తిరిగాడు. ఇప్పుడు మహబూబాబాద్ అంటున్నది దాన్నే. శివరాత్రికి కురవి జాతరలో అతన్ని చూశామని ఎవరో చెప్పారు. అక్కణ్నుంచి గోదావరి వైపు పోయాడట. ఆ తర్వాత కబురు లేదు.

పెళ్లయి రెండేళ్లు కూడా నిండని వదినకు ఆ కబురే ప్రాణం. ఊళ్లోకి కొత్త మనిషి ఎవరొచ్చినా చెంబుతో నీళ్లు తీసుకుని ఎదురుపోయేది. ఆయన నీళ్లు తాగేదాకా ఆగి, ఒక్కటే మాట అడిగేది. జవాబు విని చెంబు పట్టుకుని తిరిగొచ్చేది.

మా ఊరి దొర హైదరాబాదుకు పారిపోయాక గడీలో ఉన్న ధాన్యం సంఘంవాళ్లు పంచారు. అక్కడ దొరికిన రేడియోను ఎలా పంచాలో తెలియక నాకిచ్చారు. "పట్నంల నేర్సుకున్న ఇద్దె గిదే గదరా, పట్టుకపో. రాత్రి వార్తలు ఇని రాసియ్యి" అన్నారు. రాత్రుళ్లు మద్రాసు, ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు విని కాగితం మీద రాసేవాణ్ని. తెల్లవారి దాన్ని నాలుగు ఊళ్లలో చదివేవారు.

ఇక్కడ రేడియో సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆ రోజుల్లో మాకు పగలు వినిపించేది హైదరాబాదు ఒక్కటే. దూరపు స్టేషన్ల అలలు పైకెగసి ఆకాశంలోనే ఇంకిపోతాయి, నేల మీది అల అంత దూరం రాదు. పొద్దుగూకాక అవే అలలు పైనున్న పొరకు తగిలి కిందికి దిగుతాయి. అందుకే రాత్రి మద్రాసు వినిపిస్తుంది, కొలంబో కూడా వినిపిస్తుంది. గొంతు ఒకసారి దగ్గరికొచ్చి, ఒకసారి దూరం పోతూ, ఊయల ఊగినట్టు వస్తుంది. ఆ ఊగడాన్ని బట్టే దూరపు స్టేషన్ అని చెప్పేయొచ్చు.

అది కూడా ఏరియల్ ఉంటేనే. ఇంటి వెనక రెండు తాటిచెట్ల మధ్య పొడుగాటి రాగి తీగ కట్టేవాళ్లం. పగలు ఆ తీగ ఎవరి కంటనైనా పడితే రజాకార్లు ఇల్లు కాల్చేసేవారు. కాబట్టి గౌండ్ల ముత్తయ్య సాయంత్రం కల్లు కుండ కట్టడానికి ఎక్కినప్పుడు తీగ కట్టేవాడు, పొద్దున కల్లు దించేటప్పుడు దాన్నీ దించేవాడు. గౌండ్లాయన తాడెక్కితే ఎవరు అనుమానిస్తారు? దించిన తీగను నేను చుట్ట చుట్టి లోపలి గదిలో కొయ్యకు తగిలించేవాణ్ని. ఇది ఏ ఒక్కరోజూ తప్పలేదు.

ఇక బ్యాటరీ. అది బెజవాడ నుంచి ఉప్పు బండిలో దాచి తెచ్చింది. అయిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. పగలు రేడియో ముట్టుకోవద్దని ఇంట్లో గట్టిగా చెప్పాను.

ఒకరోజు వడ్లు దంచుతూ వదిన అడిగింది. "మరిదీ, మద్రాసు గంత దూరం ఉన్నా ఇనవడ్తది. గోదారి గీడనే గద. మీ అన్న మాట్లాడితె ఎందుకు ఇనవడది?"

నేను పగలబడి నవ్వాను. "అన్న దగ్గర గింత పొడుగు మిషినుంటె ఇనవడ్తది వదినా. ఉట్టి నోటితోని ఒర్రితె మానుకోట దాక గూడ రాదు."

ఆమె నవ్వలేదు. "ఎన్నడన్న తిప్పి సూసినవా?" అంది. నేను ఇంకా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే చెంపమీద కొట్టుకోవాలనిపిస్తుంది.

రోహిణి కార్తె ఎండలు. ఆ రోజు అవ్వ ఊళ్లో ఒక బాలింతను చూడ్డానికి వెళ్లింది. నేను చూరు కింద మంచం వేసుకుని పడుకున్నాను. నీడ సరిగ్గా కాళ్ల కింద పడే వేళ. లోపలి నుంచి రేడియో గరగర వినిపించింది. వదిన పెట్టిందని అర్థమై, బ్యాటరీ పోతుందన్న కోపంతో లేచి లోపలికి వెళ్లాను.

ఆమె పెట్టె ముందు గొంతుకూర్చుని ఉంది. నేను రాత్రుళ్లు ఎలా తిప్పుతానో చూసి నేర్చుకున్నట్టుంది. ముల్లు మద్రాసు దగ్గరుంది. మధ్యాహ్నం అక్కడ గరగర తప్ప ఏమీ ఉండకూడదు. ఆపబోతుంటే ఆ గరగరలోంచి ఒక గొంతు పైకొచ్చింది.

"ఇగో... ఇనవడ్తుందా?"

అన్న వదినను పేరుతో పిలవగా నేనెన్నడూ వినలేదు. "ఇగో" అనే పిలిచేవాడు. చిన్నప్పుడు ఎడ్లబండి మీది నుంచి పడి అతని ముందు పన్ను సగం విరిగింది. మాట్లాడుతుంటే మధ్యమధ్య సన్నగా ఈల వచ్చేది. ఆ ఈల కూడా వచ్చింది.

"అవ్వ కాళ్లనొప్పులు ఎట్లున్నయి? సుక్కలావు ఈనిందా?"

గొంతు దగ్గరికొచ్చింది, దూరం పోయింది, మళ్లీ వచ్చింది. రాత్రిపూట దూరపు స్టేషన్లు ఊగినట్టే ఊగింది. నేను కొయ్య వైపు చూశాను. పొద్దున నేను చుట్టి పెట్టిన తీగ చుట్ట అలాగే వేలాడుతోంది. పెట్టె వెనక ఏరియల్ తగిలించే చోట ఏమీ లేదు.

వదిన ఏడవలేదు. పెట్టె మీద చెయ్యి వేసి, పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు, "ఇనవడ్తుంది. సెప్పు" అంది.

"తమ్ముడు ఆడ నిలవడ్డడు గద. ఆడు గూడ ఇనాలె. నేను యాడున్ననంటే..."

నేను స్విచ్ ఆపేశాను.

బ్యాటరీ కోసం ఆపానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. నేను అక్కడ నిలబడి ఉన్నానని ఆ గొంతుకు తెలుసు. ఆ భయానికి ఆపాను.

వదిన నా చొక్కా పట్టుకుంది. "ఎందుకు బంద్ జేసినవ్? యాడున్నడో సెప్తుండె గద! ఎందుకు బంద్ జేసినవ్?" ఆమే మళ్లీ స్విచ్ వేసింది. ఆ కాలపు రేడియోలో వాల్వులు వేడెక్కితే గానీ మాట రాదు. ఆ కాసేపు ఇద్దరం పెట్టెకు చెవులు ఆనించి కూర్చున్నాం. గరగర వచ్చింది. అంతే. ముల్లు అటూ ఇటూ తిప్పితే హైదరాబాదులో ఎవరో పాట పాడుతున్నారు.

ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం పెట్టాం. ఈసారి వద్దనడానికి నాకు నోరు రాలేదు. తొమ్మిదో రోజు బ్యాటరీ చచ్చిపోయింది. సంఘంవాళ్లు వచ్చి అడిగితే చెమ్మ తగిలి పాడైందన్నాను.

యూనియన్ సైన్యం వచ్చి నైజాం పోయాక, ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఊరు భూపాలపల్లి అవతల, అడవి అంచున. అన్నతో కలిసి నడిచినవాడు. అలవాటు ప్రకారం వదిన నీళ్లు తెచ్చింది. ఆయన చెంబు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటబోతుంటే పోలీసులు కాల్చారని, అన్న అక్కడికక్కడే పోయాడని, రాత్రికి రాత్రి తామే ఇసుకలో పూడ్చామని చెప్పాడు. ఎప్పుడని అడిగాను.

"ఉగాది ఇంక నాలుగు దినాలున్నదనంగ" అన్నాడు.

రేడియోలో గొంతు విన్నది రోహిణి కార్తెలో. ఉగాది దాటి దాదాపు రెండు నెలలు. మళ్లీ అడిగాను, తిప్పి తిప్పి అడిగాను. ఉగాది పచ్చడి తింటుంటే అతను గుర్తొచ్చి తన గొంతు దిగలేదని, ఆ లెక్క తప్పదని అన్నాడు.

అవ్వ గుండెలు బాదుకుంది. పెద్దమనుషులు కూడారు. శవం లేకపోయినా దినాలు చేయాలన్నారు, పదో రోజు గాజులు తీయాలన్నారు. అప్పుడు వదిన మాట్లాడింది.

"ఉగాదికే సచ్చిపోయిన మనిషి రోహిణిల ఎట్ల మాట్లాడిండు? నేను ఇన్న. మా మరిది గూడ ఇన్నడు. అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. ఊరి మొత్తానికి రేడియో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఏరియల్ లేకుండా, పట్టపగలు, చనిపోయిన మనిషి గొంతు వచ్చిందని చెబితే ఇక నా విద్యకు విలువేముంటుంది? అప్పటికే జనగామలో దుకాణం పెట్టాలన్న ఆలోచనలో ఉన్నాను.

"హైదరాబాదుల ఏదో నాటకం వచ్చింది. వదిన పరేషాన్ల ఉండె, అన్న అనుకున్నది" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. లోపలికి వెళ్లి గొళ్లెం పెట్టుకుంది. పదో రోజు ఎంతమంది బతిమాలినా తలుపు తీయలేదు. చివరికి విసుగొచ్చి వదిలేశారు. గాజులు చేతికే ఉన్నాయి.

కానీ ఆ గాజులతో ఆమె పడ్డ బాధ అంతా ఇంతా కాదు. మొగుడు పోయినా గాజులు తొడుక్కున్న మనిషి అని వెనక గుసగుసలు. పెళ్లిళ్లలో పసుపు కుంకుమ పళ్లెం ఆమె దాకా వచ్చి పక్కకు తిరిగిపోయేది. మతి చలించిందని జాలిపడేవాళ్లు కొందరు. నా మాట ఒక్కటి చాలు, వాళ్ల నోళ్లు మూయించడానికి. నేను తేలు కుట్టిన దొంగలా ఉన్నాను.

జనగామలో దుకాణం పెట్టాక ఆమెను మా ఇంటికే తెచ్చుకున్నాను. నా పిల్లలను ఆమే పెంచింది. నాతో మామూలుగానే మాట్లాడేది, వేడిగా వడ్డించేది. ఏటా రోహిణి కార్తెలో మాత్రం మధ్యాహ్నం పూట ఒక రేడియో ముందు పెట్టుకుని, ముల్లు మద్రాసు దగ్గరికి తెచ్చి కూర్చునేది. నేను ముందు గదిలో ఎవరి రేడియోకో టంకం పెడుతూ ఆ గరగర వినేవాణ్ని. ఒక్కనాడూ వెళ్లి పక్కన కూర్చోలేదు.

జరిగినదానికి కారణం వెతకడం నేను మానలేదు. సంఘానికి వైర్‌లెస్ ఉందేమోనని ఆరా తీశాను. మాకు తెలిసిన ఏ దళానికీ లేదు. సైన్యం వైర్‌లెస్ దారితప్పి దొరికిందేమో అనుకున్నాను. సైన్యానికి మా సుక్కలావు సంగతి ఎందుకు? నా చెవులే మోసం చేశాయనుకుందామంటే, ఒకే మాటను ఇద్దరం విన్నాం. పైగా అన్న వెళ్లేనాటికి ఆవు సూడిదని, కడుపుతో ఉందని ఇంట్లోవాళ్లకే తెలియదు. అది ఈనింది ఆ రోహిణిలోనే, ఆ గొంతు వచ్చిన మూడో రోజున.

వదిన డెబ్బై దాటాక పోయింది. నిద్రలోనే పోయింది. స్నానం చేయించే ఆడవాళ్లు చేతికున్న గాజులు చూసి ఆగిపోయారు. తీయాలా, వద్దా? ముత్తైదువ అని పసుపు రాయాలా, వద్దా? కాసేపు గొణుగుళ్లు నడిచాయి. చివరికి ఒకామె బయటికి వచ్చి నన్నే అడిగింది.

"గాజులు ఉండనియ్యుండ్రి. పసుపు రాయుండ్రి" అన్నాను.

"మరి మీ అన్న ఎప్పుడో పోయిండంట గద పెద్దయ్యా?"

"ఆ దినం రేడియోల మా అన్న మాట్లాడిండు. నేను గూడ ఇన్న. అన్న యాడున్నడో సెప్తుంటె నేనే బంద్ జేసిన" అన్నాను.

వాకిట్లో ఉన్నవాళ్లంతా నా వైపు చూశారు. ముసలాయనకు దుఃఖంతో మతి పోయిందనుకుని ఉంటారు. నా కొడుకు వచ్చి భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. లోపల ఆమెకు పసుపు రాశారు.

ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు తెలిసిన విద్యలో దానికి జాగా లేదు. దయ్యమని అనలేను, కాదని కూడా అనలేను. అయినా నన్ను తినేస్తున్నది అది కాదు. నేనూ విన్నానని వదినతో ఒక్కసారి అంటే సరిపోయేది. ఒకే ఇంట్లో అన్నేళ్లు ఉన్నాం. అనలేదు.