గోడవైపు తిరిగి కూర్చునే షోమారి

తూర్పు ఆఫ్రికా తీరాన మా టాంగా ఊళ్లో సాయంత్రం నమాజు దగ్గరపడుతోందని తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు. షోమారి చేతిలో పింగాణీ కప్పులు టకటకమంటే చాలు. ఒక చేతిలో కింద బొగ్గులు రాజుకునే ఇత్తడి కాఫీ కూజా, రెండో చేతిలో కప్పులు, భుజానికి సంచి. ముప్పై ఏళ్లుగా అదే వీధి, అదే నడక. వీధి మలుపులో నస్సోరో మాస్టారి ఇంటి గోడకు ఆనించి కట్టిన సిమెంటు అరుగు ఉంది. ఊళ్లో పెళ్లిళ్లు కుదిరేదీ, చెడేదీ, చేపల ధర తేలేదీ ఆ అరుగు మీదే. అక్కడ షోమారి కాఫీ పోస్తాడు. పక్కన వేరుశనగపప్పు పాకం పట్టి కోసిన కషాత ముక్క పెడతాడు. కాఫీ చేదు, కషాత తీపి. కషాత లేకుండా ఉత్త కాఫీ ఇస్తే మా వైపు మనిషిని గుమ్మంలోంచి గెంటినట్టే.

షోమారి మాత్రం కషాత ముట్టడు. తొమ్మిదేళ్లుగా చక్కెర జబ్బు. పొద్దున ఒకటి, సూర్యుడు వాలే ముందు ఒకటి, రోజుకు రెండు సూదులు. మందు సీసాను ఇంట్లో మట్టికుండ నీళ్లలో చల్లగా దాచుకుంటాడు. సాయంత్రానికి సరిపడా తడిగుడ్డలో చుట్టి సంచిలో వేసుకొస్తాడు. ఇల్లు గంట నడక. ఆ వేళకు ఇంటికి పోతే బేరం పోతుంది, పైగా ఆ ఇంట్లో ఎవరున్నారు గనక? భార్య పాంగానిలో అన్నదమ్ముల దగ్గరికి వెళ్లి తిరిగి రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. అందుకని అరుగు వెనక సందులోకి పోయి, గోడవైపు తిరిగి, చొక్కా ఎత్తి, పొట్టలో సూది గుచ్చుకుని, ఉడికించిన కర్రపెండలం నాలుగు ముక్కలు తినేసి వచ్చేవాడు. మసీదు మూత్రశాలలో చేసుకోవచ్చు గానీ, ఆ చీకట్లో సిరంజి మీద గీతలు కనబడి చావవు.

ఇక్కడ మా భాష సంగతి ఒకటి చెప్పాలి. నర్సు వేస్తే దాన్ని ‘సూది వేయించుకోవడం’ అంటారు. తనకు తానే వేసుకుంటే ‘పొడుచుకోవడం’. ఆ మాట పాడుబడ్డ కిత్తనార గోదాముల్లో మత్తు సూదులు గుచ్చుకుని పడి ఉండే కుర్రాళ్లది. పొడుచుకునేవాడంటే ఇక వాడు మనిషి కాదు, చెప్పులు పోతే ముందు వాడినే తంతారు. తన ప్రాణం నిలుపుకోవడానికి తానే సూది వేసుకునే మనిషికి మా భాషలో విడిగా మాట లేదు. షోమారి కొంప ముంచింది అదే.

ఎండాకాలంలో ఒకరోజు సందులో మురుగు పొంగింది. కాలు పెట్టే చోటు లేదు. అప్పటికే కళ్ల ముందు మసకలు కమ్ముతున్నాయి. ఎలాగూ అందరూ కబుర్లలో ఉన్నారు కదా అని అరుగు చివర గోడవైపు తిరిగి కూర్చుని సూది తీశాడు. కుట్టుపని చేసే చందే కళ్లు సూది బెజ్జంలో దారం ఎక్కించే కళ్లు. వాటికి సూది కనబడకుండా ఉంటుందా?

“ఓరి నాయనో! వీడు పొడుచుకుంటున్నాడ్రోయ్!”

“అది మందు చందే, చక్కెర జబ్బు మందు,” అన్నాడు షోమారి, చొక్కా దించుకుంటూ.

“పొడుచుకునే ప్రతివాడూ మందనే అంటాడు. చక్కెర జబ్బు కార్లున్నోళ్లకి వస్తుంది గానీ నీకెందుకొస్తుందిరా? నీకు పొట్టేదీ? ఎండు చేపలా ఉన్నావు!”

అరుగంతా ఘొల్లుమంది. తర్వాత నవ్వు ఆగి, అందరూ నస్సోరో మాస్టారి వైపు చూశారు. ఆ వీధిలో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి. ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు. షోమారీ ఆయన వైపే చూశాడు.

మాస్టారు చేతిలో కప్పులోకి చూస్తూ ఉండిపోయారు. “నాకేం తెలుసు,” అని లేచి లోపలికి వెళ్లిపోయారు.

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఇది పూర్తి అంగీకారమే అయింది. మర్నాటికి షోమారి కాఫీలో మత్తుపొడి కలుపుతాడని పుకారు పుట్టింది. కుండకు మూత వేయొచ్చు గానీ లోకం నోటికి వేయలేం. ఇంకో కాఫీవాడు రేవు వైపు నుంచి వచ్చి అరుగు పట్టాడు. షోమారి మాత్రం రోజూ వచ్చేవాడు. కప్పులు టకటకమనిపించేవాడు. ఒక్కరూ చేయి చాపేవారు కాదు. పక్క వీధుల్లో తెలియనివాళ్లు తాగేవారు కనక పూట గడిచేది. కానీ అతనికి కావలసింది పూట కాదు, ఆ అరుగు. “ఏరా షోమారీ, ఇవాళ కాఫీ పలచగా ఉందే” అని ఎవడో ఒకడు తిట్టాలి. ఆ తిట్టు లేని రోజు రోజులా ఉండేది కాదు. ఇంటికి పోయి కుండలో సీసా ఉందో లేదో చేత్తో తడుముకుని చూసుకునేవాడు. అతని కోసం ఆ ఇంట్లో ఎదురుచూసేది అదొక్కటే.

వానలు పడకముందు మాస్టారి భార్య పోయింది. నలభై రోజులు గడిచాక ఒక సాయంత్రం మాస్టారు పెరటి తలుపు సందులోంచి పిలిచారు.

“షోమారీ, ఒకసారి లోపలికి రా.”

“షికమో, మాస్టారూ,” అని పెద్దలకు చేసే నమస్కారం చేశాడు షోమారి.

“మరహబా,” అని నమస్కారం అందుకున్నారు మాస్టారు. “తలుపు వేసెయ్.”

బల్ల మీద మట్టికుండ. కుండలో సీసా. పక్కన సిరంజి. షోమారికి ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

“ఏడేళ్లయింది,” అన్నారు మాస్టారు. “ఆవిడే వేసేది. ఈ నలభై రోజులూ అందాజుగా నేనే గుచ్చుకున్నాను. నాకు గీతలు కనబడవు. ఎవరినీ అడగలేను.”

“ఆ రోజు అది ఏ మందో మీకు తెలుసు.”

“తెలుసు.”

“ఒక్క మాట అనుంటే సరిపోయేది.”

“అంటే నీకెలా తెలుసని అడిగేవాళ్లు.”

షోమారికి కడుపు మండింది. ఆ కుండను నేలకేసి కొట్టాలనిపించింది. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కానీ ఎదురుగా ముసలాయన కుర్తా చేయి అప్పటికే పైకి మడిచి, వాతలు తినబోయే పిల్లాడిలా కళ్లు మూసుకుని నిలబడ్డాడు. షోమారి గీతలు చూసి మందు లాగాడు. వేశాడు. “వెంటనే ఏదైనా తినండి,” అని చెప్పి పెరటి తలుపులోంచే వెళ్లిపోయాడు.

అప్పటినుంచి రోజూ రెండుపూటలా పెరటి తలుపు. పొద్దున చీకటితోనే గంట నడిచి వచ్చేవాడు. ముందు అరుగు మీద అంటరానివాడు, వెనక తలుపులో వైద్యుడు!

మాస్టారిని అది తినేస్తున్నట్టే ఉంది. ఒక సాయంత్రం అరుగు నిండా జనం ఉండగా, “షోమారీ, నాకో కప్పు పొయ్యి,” అన్నారు. అందరూ తెల్లబోయారు. షోమారి పరుగున వచ్చాడు. వంగి, కూజా వంచి, నురగ పొంగేలా పోసి ఇచ్చాడు. కషాత పళ్లెం మాత్రం చాపలేదు.

“మాస్టారికి కషాత పెట్టవేంరా?” అన్నాడు చందే.

మాస్టారు తలెత్తలేదు.

“అయిపోయాయి,” అన్నాడు షోమారి.

“అయిపోయాయా! పళ్లెం నిండా ఉన్నాయి కదరా గుడ్డి వెధవా! పొడుచుకుని పొడుచుకుని కళ్లు కూడా పోయాయి వీడికి. పెద్దమనిషి పిలిచి అడిగితే అవమానం చేస్తావా?”

ఒకడు కప్పుల మీదికి కాలు చాపాడు. రెండు పగిలాయి. షోమారి ముక్కలు ఏరి సంచిలో వేసుకున్నాడు. నిజం చెప్పాలంటే నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాటతో అరుగు తనదవుతుంది. ఆ మాట మింగేసి లేచి నడిచాడు.

ఆ పూట పెరటి తలుపు తీసిన మాస్టారి మొహం పాలిపోయి ఉంది.

“ఎందుకు చెప్పలేదు?”

షోమారి సిరంజిని వెలుతురుకు ఎత్తి గీతలు చూస్తున్నాడు. “మీరు ఆ అరుగు లేకుండా బతకలేరు మాస్టారూ. నేను చూశానుగా, ఎలా ఉంటుందో. ఈ వీధికి ఒంటరివాడు ఒకడు చాలు.”

షోమారి సూది వేశాడు. తీసేశాక కూడా మాస్టారు మడిచిన కుర్తా చేయి దించుకోలేదు.

మర్నాడు సాయంత్రం షోమారి ఎప్పటిలాగే పెరటి తలుపు తట్టాడు. తెరుచుకోలేదు. మళ్లీ తట్టాడు. భయమేసింది. ముసలాయన పడిపోయి ఉంటాడేమోనని పరుగున ముందుకు వచ్చాడు. మాస్టారు అరుగు మీద అందరి మధ్యా కూర్చుని ఉన్నారు. ఒళ్లో అన్నం డబ్బా, పక్కన తడిగుడ్డ మూట.

“ఆలస్యం చేశావు,” అన్నారు, కుర్తా చేయి పైకి మడుస్తూ. “ఇక్కడే కానియ్.”

“మాస్టారూ, లోపలికి…”

“లోపలికి ఎందుకు? చందే, నీ కళ్లు మంచివి, బాగా చూడు. ఏడేళ్లుగా నేనూ పొడుచుకునేవాణ్ణే. వీడి సూది ఏమిటో ఆ రోజే నాకు తెలుసు. నోరు మూసుకున్నాను.”

ఆ నోట ఆ మాట వింటామని ఎవరూ అనుకోలేదు. చందే ఒళ్లో గుడ్డ జారి కింద పడింది, తీసుకోలేదు. షోమారి మాస్టారికి వేశాడు. తర్వాత అలవాటు కొద్దీ తన సూది తీసి గోడవైపు తిరగబోయాడు. మాస్టారు అతని భుజం పట్టుకుని ఇటువైపు తిప్పి కూర్చోబెట్టారు.

ఇద్దరూ తిన్నారు. ఒకరు అన్నం, ఒకరు కర్రపెండలం. ఆ సాయంత్రం అరుగు మీద ఎవరూ షోమారిని కాఫీ అడగలేదు. ఎవరూ అతని మొహంలోకి చూడలేదు. కానీ నమాజు పిలుపు వినబడేదాకా ఒక్కరు కూడా లేచి వెళ్లలేదు.