ఉందో లేదో తెలియని మందు

మా ఆయన చివరి రెండేళ్లు డయాలసిస్ మీదే బతికారు. పంజాగుట్ట ఆసుపత్రిలో ఆయన లోపల మిషన్ పక్కన పడుకుంటే, నేను బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. ఆయన పోయాక నాకూ షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతింటున్నాయని తేలింది. చావంటే నాకు పెద్ద భయం లేదు. ఆ మిషన్ అంటేనే భయం.

అందుకే డాక్టరు "కిడ్నీలు ఇంకా చెడకుండా ఆపే కొత్త మందు మీద ట్రయల్ జరుగుతోంది, చేరతారా అమ్మా?" అని అడిగితే ఆలోచిద్దామనుకున్నాను. నా కొడుకు మాత్రం మండిపడ్డాడు.

"మా అమ్మ మీద ప్రయోగాలా సార్? ఎలుక అనుకున్నరా?"

"నువ్వు ఊకో. కిడ్నీలు నీయి కావు, నాయి" అన్నాను.

కాగితాలు తెలుగులోనే ఉన్నాయి. నేను చదివింది మూడో తరగతి. ట్రయల్ పని చూసే అమ్మాయి ముందు చదివి వినిపించింది. ఆ తర్వాత నేను వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివితే ఆమె ఓపికగా విన్నది. సంతకానికి ముందు కెమెరా పెట్టారు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్నకే నా కొడుకు జవాబు చెప్పబోయాడు.

"మీరు కాదు, అమ్మే చెప్పాలి" అన్నాడు డాక్టరు.

ఇంట్లో నా మాటే చెల్లుతుంది గానీ, ఆసుపత్రిలో మాట్లాడేది ఎప్పుడూ మగవాళ్లే. నేను గొంతు సవరించుకున్నాను.

"ఇప్పుడు మింగే గోళీలు అట్లనే మింగాలె. వాటి మీద ఇంకోటి ఇస్తరు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త గోళీ. ఎవరిది ఏదో మీకు సుత తెల్వదు. నచ్చకుంటే ఎప్పుడన్న మానేయొచ్చు. గంతే గద?"

"అంతే. మీకు ఉత్త గోళీ వస్తే?"

"వస్తే వచ్చింది. అసలుదొచ్చే దారి సుత ఇదొక్కటే గద సారూ."

ఇక రక్తపరీక్ష మిగిలింది. దాని ముందురోజు మాసబ్ ట్యాంక్ నుంచి నా ఆడబిడ్డ వచ్చింది. ఒంట్లో బాగాలేనివాళ్లను చూడటానికి ఒట్టి చేతులతో ఎవరు వస్తారు? మూడు కొబ్బరిబోండాలు కొట్టించి తెచ్చింది.

"తాగు వదినె. ఒంట్ల వేడి తగ్గుతది."

ఆయనకు కొబ్బరినీళ్లు వద్దన్నారని నాకు తెలుసు. ఆయన తాగే నీళ్లకే కొలత ఉండేది గనక అవీ బందు చేశారనుకున్నాను. నాకు ఆ కొలత లేదు కదా! కోడలు "రెండు రేపటికి పెడతా అత్తమ్మా" అంటే, "కొట్టిచ్చినంక రేపటిదాంక ఉంటయా? పులుస్తయి" అని మూడింటి నీళ్లూ నేనే తాగాను. లోపలి లేత కొబ్బరి కూడా గీకి తిన్నాను.

రిపోర్టు వచ్చాక ట్రయల్ అమ్మాయి మెల్లగా చెప్పింది. "పొటాషియం ఎక్కువుంది అమ్మమ్మా. ఇంతుంటే ట్రయల్‌లో తీసుకోరు. నిన్న ఏం తిన్నరు?"

చెప్పాను. ఆమె తల పట్టుకుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు కొబ్బరినీళ్లతో వచ్చే చేటు నీళ్ల వల్ల కాదట, అందులోని పొటాషియం వల్లనట. రెండు వారాలకు ఇంకొక్కసారి చూస్తారు, అప్పుడూ ఎక్కువుంటే ఇక లేనట్టే.

ఆడబిడ్డ ఫోనులో ఒకటే ఏడుపు. "నా చేతులతోని చేసిన వదినె!"

"ఆపు. నువ్వు ఏడిస్తే పొటాషియం దిగుతదా?" అన్నాను. కానీ ఫోను పెట్టేశాక నాకు అన్నం దిగలేదు.

ఆ రెండు వారాలు, పొటాషియం దిగేలా కూరగాయలు కోసి నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండాలన్నారు. ఉడికిన నీళ్లు చారులో పోసుకునే ఇల్లు మాది. పారబోయడానికి నాకు చేయి రాలేదు. గిన్నె కోడలే వంచింది. నేను పక్కకు తిరిగి నిలబడ్డాను.

రెండోసారి రక్తం ఇచ్చిన సాయంత్రం ఇంట్లో ఉండలేక అమీర్‌పేటకు నడిచి వెళ్లాను. మైత్రీవనం దగ్గర కోచింగ్ పిల్లల గుంపులో ఉండగా ఫోను మోగింది. ఆ రొదలో సరిగ్గా వినబడక, ఒక షట్టరు పక్కకు జరిగి మళ్లీ చెప్పమన్నాను.

"తగ్గింది అమ్మమ్మా. సోమవారం రండి."

అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

సోమవారం ఇచ్చిన డబ్బా మీద మందు పేరు లేదు, అంకె ఉంది. ఇంటికొచ్చి మొదటి గోళీ మింగుతుంటే కోడలు ఆత్రంగా అడిగింది.

"ఎట్లుంది అత్తమ్మా, మందు లెక్కనే ఉందా?"

"గోళీ లెక్కుంది."

అప్పటినుంచి రోజూ మింగుతున్నాను. అది అసలుదో ఉత్తదో ఇప్పటికీ తెలియదు. పిలిచినప్పుడల్లా పోయి రక్తం ఇచ్చి వస్తాను. మొన్న డాక్టరు రిపోర్టు చూసి, "కిడ్నీలు పోయినసారి ఎట్లున్నయో అట్లనే ఉన్నయి" అన్నాడు. దెబ్బ పెరగలేదు, తగ్గలేదు. నా కొడుకు మొహం చిన్నబోయింది. నేను మాత్రం ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని లేచాను.